మా అమ్మమ్మ అడగడం మానేసిన తొమ్మిదేళ్ళు

నడిసముద్రంలోని మా దీవిలో, మా ఊళ్ళో, ప్రతి ఇంటి కప్పులోనూ ఆకుల మధ్య ఏదో ఒకటి దాచి ఉంటుంది. కొత్త కత్తి, టార్చి లైటు, క్రిస్మస్‌కి కొన్న చొక్కా. దొంగల భయంతో కాదు, చుట్టాల భయంతో. చుట్టం వచ్చి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని, "బుబుసి, నాకది కావాలి" అన్నాడంటే ఇక ఇచ్చెయ్యడమే. బుబుసి అంటే చుట్టరికం మీద అడగడం. కాదన్నవాడికి ఆ రోజు నుంచి ఊళ్ళో ముఖం ఉండదు. అందుకని అడిగేవాళ్ళ కంట పడకుండా చూసుకుంటారు.

మా అమ్మమ్మ వాళ్ళన్న తెబానో, నాకు తాతయ్య, మాత్రం ఏదీ దాచేవాడు కాదు. "దాచడానికేముంది? నా దగ్గరున్నవన్నీ ఎప్పుడో అడిగేశారు" అని నవ్వేవాడు.

ఆయన కల్లు గీసేవాడు. పొద్దునోసారి, సాయంత్రమోసారి పదకొండు కొబ్బరిచెట్లు ఎక్కి, పైన కూర్చుని పాడుతూ గీసేవాడు. చెట్టు మీద పాడకపోతే కింద నడిచే ఆడవాళ్ళను దొంగచాటుగా చూస్తున్నాడనుకుంటారు, అందుకని మా దగ్గర గీతగాళ్ళందరూ పాడతారు. తాతయ్య గొంతు బాగుండేది కాదు. "తెబానో ఎక్కాడు, కోళ్ళను లోపల పెట్టండి" అని పక్కింటి రుబేటి రోజూ అరిచేవాడు.

ఇంత మామూలు మనిషికి ఒక్క మామూలు కాని పని ఉండేది. ఊరంతా కూర్చునే సభా మంటపం, మనేబాలో ఒక్కో కుటుంబానికీ తాతల నాటి నుంచి ఒక్కో చోటు. మాది తూర్పు వైపు మూడో స్తంభం దగ్గర. అందరూ మాట్లాడాక ఆఖరి మాట ఆ చోటు నుంచే రావాలి. అక్కడ కూర్చున్నవాడు "సరే, అలాగే కానివ్వండి" అంటేనే నిర్ణయం అయినట్టు. అనకపోతే ఎన్నాళ్ళైనా ఆ సంగతి గాల్లో వేలాడుతుంది. గొప్ప అధికారంలా కనిపిస్తుంది గానీ, నలభై ఏళ్ళలో తాతయ్య చెప్పిన ఆఖరి మాటల్లో ముప్పావు వంతు పందుల గురించే. పండక్కి ఎన్ని కొయ్యాలి, ఎవరివి కొయ్యాలి అని.

మా అమ్మమ్మ కబొరౌ ఆయనకంటే రెండేళ్ళు చిన్న. రెండిళ్ళ మధ్య నాలుగు మొగలిపొదల దూరం. రోజుకి పదిసార్లు అడిగేది. "అన్నా, ఉప్పు." "అన్నా, నీ గాలం." "అన్నా, తియ్యకల్లు ఓ చెంబుడు, పాపకి దగ్గు." బుబుసి అనే మాట కూడా వాడేది కాదు, దాని అవసరమే ఉండేది కాదు. ఇంట్లో అగ్గిపెట్టె ఉంచుకునేది కాదు. ఒకటి కొనుక్కోరాదా అని అమ్మ అంటే, "అన్న ఉండగా నాకు అగ్గిపెట్టె ఎందుకే?" అనేది.

ఆమెకి పంపకంలో వచ్చింది చేపల చెరువు. ఊరి దక్షిణపు కొసన, వాళ్ళ ముత్తవ్వ పగడపు రాతిని చేతులతో తవ్వి తీసిన గుంట. సముద్రపు మడుగులోంచి చిన్న కాలువ దాంట్లోకి వస్తుంది. అమావాస్య పోటుకి పాలబొంత చేపపిల్లలు ఆ కాలువ వెంట లోపలికొస్తాయి. అడ్డు కట్టి పెంచడమే. పెళ్ళికైనా చావుకైనా ఊరికి చేపలు ఆ గుంటలోంచే. అమ్మమ్మ అమ్మేది కాదు. వచ్చి అడిగితే ఇచ్చేది. ఆ చెరువే లేకపోతే ఊళ్ళో ఆమెను అడిగేవాళ్ళెవరూ ఉండరు. మా దగ్గర ఎవరూ ఏమీ అడగని మనిషంటే ఉన్నా లేనట్టే.

పెద్ద దేశాలకి మా సముద్రం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టిన సంవత్సరాలు అవి. రాజధాని తరావాలో వాళ్ళ కార్లు ఒకదాని వెనక ఒకటి తిరిగేవట. మా దాకా కార్లు రాలేదు, కానుకలొచ్చాయి. ముందొకరు నీళ్ళ ట్యాంకులు పంపారు. అది తెలిసి వాళ్ళంటే పడనివాళ్ళు సోలార్ దీపాలు పంపారు. ఏ దేశం ఎక్కడుందో, ఎందుకు కొట్టుకుంటోందో మాకెవరికీ పెద్దగా పట్టలేదు. ట్యాంకుల వాళ్ళు, దీపాల వాళ్ళు అని పేర్లు పెట్టుకున్నాం. చర్చి పక్కన ట్యాంకు మీద ఒకరి జెండా, దాని పక్కనే దీపస్తంభం మీద ఇంకొకరి జెండా. వాన పడ్డప్పుడు ఒకరినీ, చీకటి పడ్డాక ఇంకొకరినీ పొగిడేవాళ్ళం.

"ఒక పిల్లకి రెండు సంబంధాలు" అనేవాడు రుబేటి. "పిల్ల ఔననకుండా, కాదనకుండా ఉన్నన్నాళ్ళే ఈ చీరలూ సారెలూ. ఎవడో ఒకడికి ఔనందా, మర్నాటి నుంచి అంట్లు తోముకోవడమే."

దీపాల వాళ్ళు దీపాలతో పాటు ఒక కుర్ర ఉద్యోగిని కూడా పంపారు. పాతికేళ్ళుంటాయి. అసలు పేరు మా నాలుకకి తిరగలేదు. వచ్చిన రోజే పడవ దిగబోయి మెడలోతు నీళ్ళలో పడి, నెత్తిన నాచుతో పైకి తేలాడు. చేప కక్కిన యోనా ప్రవక్త ఇలాగే ఉండుంటాడని ముసలాళ్ళన్నారు. అప్పట్నుంచి అతను ఇయోనా.

ఉండడానికి చోటు చూపించమంటే తాతయ్య తన ఇల్లు చూపించాడు. పిల్లలు లేని ఇల్లు. భార్యా తనే. ఇయోనా వాళ్ళతో రెండేళ్ళ పైనే ఉన్నాడు. బబాయి దుంప తినలేక ఏడ్చి, తినడం నేర్చుకున్నాడు. పెద్దవాళ్ళ ముందు నుంచి నడిచేటప్పుడు వంగి నడవడం నేర్చుకున్నాడు. చెట్టెక్కి కల్లు గీసి, కింద పడి, మళ్ళీ ఎక్కాడు. మా భాష మాకంటే శుభ్రంగా మాట్లాడేవాడు. తాతయ్య పక్కన కూర్చుని, అమ్మమ్మ పెట్టిన పాలబొంత కూర తిని, "అత్తా, ఇంకొంచెం" అనేవాడు. ఆమెకి అతనంటే ముద్దే. "పోనీలే, నీళ్ళలోంచి దొరికినవాడు" అనేది.

ఈస్టరు విందులో తాతయ్య ఊరందరి ముందూ లేచి, "ఇతను నా కొడుకు. నా చాప ఇతని చాప" అన్నాడు. దత్తతలు మాకు కొత్త కాదు. చప్పట్లు కొట్టారు. ఇయోనా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేను ఇప్పటికీ అనలేను.

ఆ తర్వాతి సంవత్సరం జెట్టీ మాట వచ్చింది. దక్షిణపు కొసన లోతు బాగుంది, అక్కడ జెట్టీ కట్టిస్తాం, ఓడలు నేరుగా వస్తాయి అన్నారు దీపాల వాళ్ళు. మర్నెలే ట్యాంకుల వాళ్ళ మనిషొచ్చి అదే చోట తామూ కట్టిస్తామన్నాడు. రెండు దేశాలకీ మా దీవిలో వేరే కొసే కనిపించలేదు. ప్రభుత్వం, ఊరు ఎవరికి ఒప్పుకుంటే వాళ్ళకేనని పక్కకి తప్పుకుంది.

అమ్మమ్మ అన్నను తీసుకెళ్ళి కాలువ ముఖం దగ్గర నిలబెట్టింది.

"ఇక్కడ రాళ్ళు పోస్తే పోటు లోపలికెలా వస్తుంది?"

"రాదు" అన్నాడు తాతయ్య.

"పోటు రాకపోతే చెరువు?"

"తెలుసే. నేను ఆఖరి మాట ఇవ్వను. వాళ్ళకీ ఇవ్వను, వీళ్ళకీ ఇవ్వను. వేలాడనీ."

ఆమె ధైర్యంగా ఇంటికొచ్చింది.

మనేబా కూడేది సోమవారం. ఆదివారం ప్రార్థన అయ్యాక, మధ్యాహ్నం, ఇయోనా స్నానం చేసి, పువ్వుల చొక్కా తీసేసి తెల్లచొక్కా వేసుకుని తాతయ్య ఇంటి ముందు మంచె దగ్గరికొచ్చాడు. మంచెకి అటు పక్క అమ్మమ్మ చాప అల్లుతోంది. అతను మఠం వేసుకుని కూర్చున్నాడు. రెండు పొగాకు కాడలు ఎదురుగా పెట్టాడు. అలా పెట్టమని నేర్పింది తాతయ్యే.

"నాన్నా, బుబుసి. రేపు మనేబాలో నీ మాట నాకు కావాలి."

తాతయ్య చాలాసేపు పొగాకు వైపే చూశాడు. "తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే."

"వేరే ఏదైనా అడుగు. నా పడవ అడుగు."

"పడవ నాకెందుకు నాన్నా?"

"చెట్లు అడుగు. పదకొండూ తీసుకో."

ఇయోనా తల దించుకున్నాడు. "మాట తీసుకురాకపోతే నన్ను వెనక్కి పిలిచేస్తారు" అన్నాడు మెల్లగా. తర్వాత మళ్ళీ బుబుసి అన్నాడు. రెండోసారి అనడం మర్యాద కాదని అతనికి తెలుసు.

అమ్మమ్మ చాప మీద నుంచి తలెత్తకుండా అంది, "అడగకూడనిది అడిగేవాడు కొడుకు కాదు."

ఇయోనా లేచి వెళ్ళాక ఆమె ఇటు పక్కకొచ్చింది. "కాదను అన్నా. వాడు మనవాడు కాదు, ఉద్యోగానికొచ్చినవాడు. వాణ్ణి పంపినవాళ్ళ కోసం అడిగాడు. దాన్ని బుబుసి అనరు."

"ఊరందరి ముందూ కొడుకన్నానే. ఇప్పుడు కాదంటే ఆ రోజన్న మాట ఏమవ్వాలి?"

"నా చెరువు ఏమవ్వాలి?"

తాతయ్య పొగాకు కాడల్ని వెనక్కివ్వలేదు.

సోమవారం మనేబాలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడారు. ఊరు రెండుగా చీలింది. ఆఖరికి అందరూ మూడో స్తంభం వైపు తిరిగారు. "దీపాల వాళ్ళకే. అలాగే కానివ్వండి" అన్నాడు తాతయ్య. ఆయన గొంతు వెనక వరసకి వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాడు. అంత దుర్మార్గమైన మాట రెండుసార్లు చెప్పాల్సొచ్చిందని ఆయన చివరిదాకా తలుచుకునేవాడు.

బయటికొచ్చాక ఇయోనాను ఆపి ఆయన కూడా అడిగాడు. "బుబుసి. కాలువ మూయకుండా చూడు." ఇయోనా వెంటనే, "అలాగే నాన్నా" అన్నాడు.

తాతయ్య గబగబా అమ్మమ్మ ఇంటికెళ్ళాడు. "ఔనన్నాడే. నేనడిగాను, వాడు ఔనన్నాడు. ఇక భయం లేదు." మాలో ఔనన్న తర్వాత జరగకపోవడమనేది ఉండదు. ఆయన అరవయ్యేళ్ళ జీవితంలో అలాంటిది చూడలేదు. ఔనన్నవాడి వెనక ఇంకో పది మంది ఉంటారనీ, వాళ్ళెవరూ ఔననలేదనీ ఆయనకి తట్టలేదు.

ఇయోనా మాట తప్పాడని కూడా చెప్పలేం. రాళ్ళు పోసేటప్పుడు కాలువ దగ్గర ఒక గొట్టం పెట్టించాడు. అన్నం వండే కుండ మూతంత గొట్టం. అంతకంటే పెద్దది తన పైవాళ్ళు ఒప్పుకోలేదని చెప్పాడు. మొదటి రెండు నెలలు రోజూ తనే దిగి నాచు తీసేవాడు. జెట్టీ ప్రారంభానికి మంత్రి వచ్చాడు, రిబ్బను కత్తిరించాడు, పిల్లలు నాట్యం చేశారు.

ఏడాది తిరక్కుండా ప్రభుత్వం స్నేహం మార్చుకుంది. రేడియోలో పొద్దున చెప్పారు. ఇకనుంచి మన స్నేహం ట్యాంకుల దేశంతో అని. మూడు రోజుల్లో దీపాల వాళ్ళందర్నీ వెళ్ళిపొమ్మన్నారు. ఇయోనా తన బట్టలూ గొడుగూ రేడియో అన్నీ పంచిపెట్టి, తాతయ్య కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని, తమ వాళ్ళు కట్టిన జెట్టీ మీంచే వెళ్ళాడు. ఆ జెట్టీకి వచ్చిన మొదటి పడవ అదే. రెండుసార్లు ఉత్తరం రాశాడు, తర్వాత రాయలేదు.

గొట్టం మూసుకుపోయింది. తాతయ్య దిగి తీసేవాడు, పది రోజులకి మళ్ళీ పూడేది. చెరువు ముందు పచ్చబడింది, తర్వాత వాసనొచ్చింది. జూన్‌లో ఒక పొద్దున పాలబొంతలన్నీ తెల్లకడుపులు పైకి పెట్టి తేలాయి. అమ్మమ్మ, అమ్మ, నేను బుట్టలతో ఎత్తి కొబ్బరిచెట్ల మొదట్లో పూడ్చాం. తాతయ్య కూడా బుట్ట తెచ్చుకుని వచ్చాడు. అమ్మమ్మ ఆయన్ని వెళ్ళమనలేదు, రమ్మనలేదు. ఆయన పూడ్చగలిగినన్ని పూడ్చి వెళ్ళాడు.

మర్నాడు ఆమె దుకాణానికెళ్ళి అగ్గిపెట్టె కొనుక్కుంది.

మా దగ్గర కోపమొస్తే అరవరు. అడగడం మానేస్తారు. అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఉప్పు అయిపోతే అమ్మమ్మ అన్న ఇంటి ముందు నుంచే నడిచి, మూడో ఇంటికెళ్ళి తెచ్చుకునేది. పడమటి గాలికి ఇంటి కప్పు సగం లేచిపోతే ఆకుల కోసం అవతలి ఊరి చుట్టాల దగ్గరికెళ్ళింది. తాతయ్య ఆమె గుంజకి తియ్యకల్లు సీసా తగిలించి వెళ్ళేవాడు. సాయంత్రానికి ఆ సీసా ఆయన గుంజకి, కల్లుపాకంతో నిండి, వేలాడుతుండేది. ఋణం లేకుండా. అడక్కుండా ఇచ్చింది ఇచ్చినట్టు కాదు కదా. తాతయ్య భార్య పోయినప్పుడు అమ్మమ్మ మూడు రోజులు ఆ ఇంట్లో వంట చేసింది, శవానికి స్నానం చేయించింది, ఏడ్చింది. ఆ మూడు రోజుల్లో గరిటె ఎక్కడుందని కూడా ఆయన్ని అడగలేదు. వెతుక్కుంది.

అమ్మ ఆయన్ని పోరేది. "మావయ్యా, నువ్వే వెళ్ళి అడగరాదూ. క్షమించమని బుబుసి అను. అమ్మ కాదనలేదు."

"అందుకే అడగను" అనేవాడు.

"అదేం మాట?"

"కాదనలేని మనిషిని క్షమించమని అడిగితే అది క్షమాపణ ఎలా అవుతుందే? నా మాట వాడు పట్టుకుపోయినట్టే, దాని మనసు నేను పట్టుకురావడమవుతుంది. అదే వచ్చి నన్నడగాలి. ఉప్పో, నిప్పో. అడిగిన రోజున తెలుస్తుంది."

అలా తొమ్మిదేళ్ళు ఎదురుచూశాడు. మోకాళ్ళు పోయి చెట్లు పదకొండు నుంచి నాలుగయ్యాయి. పాట మాత్రం తగ్గలేదు. "చెట్టు ఎక్కకుండానే పాడుతున్నాడురా, ఇంకెక్కడికి పోతాం" అని రుబేటి అరిచేవాడు.

తొమ్మిదో ఏట ట్యాంకుల వాళ్ళొచ్చారు. ఈసారి ఒక ఆవిడ, తెల్ల టోపీ, ఎప్పుడూ నవ్వు ముఖం. తరావా నుంచి దుబాసీని వెంటబెట్టుకొచ్చింది. ఈ పాత జెట్టీని పగలగొట్టేస్తాం, దీని బదులు సముద్రం వైపు పెద్ద రేవు కడతాం, పక్కన ఆసుపత్రి, చేపల ఐసు గది అని పటాలు పరిచి చూపించింది. దుబాసీ చివర్లో, "పూర్వం ఇక్కడ ఒక చెరువుండేదట కదా, ఆ కాలువ కూడా తెరిపిస్తారట" అన్నాడు. ఎవరో ముందే చెప్పి ఉంటారు. ఏం చెబితే ఎవరు కరుగుతారో తెలుసుకోవడం వాళ్ళ పనే.

తాతయ్య ఆ రోజు ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు. గెడ్డం గీసుకున్నాడు. తలకి కొబ్బరినూనె రాసుకున్నాడు. "తెరుస్తారటే" అని అమ్మతో అన్నాడు. "ఒక్క మాట. ఒక్క మాటతో మూశాను, ఒక్క మాటతో తెరిపిస్తాను. దేవుడు ఎంత మంచివాడు."

మనేబాకి ముందు రోజు సాయంత్రం అమ్మమ్మ మొగలిపొదలు దాటి వచ్చింది. అమ్మా నేనూ అక్కడే ఉన్నాం. తాతయ్య చాప మీద నుంచి లేవబోయి, లేవలేక కూర్చుండిపోయాడు. ఆమె ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. చుట్టంలా కాదు, పరాయి మనిషి కూర్చున్నట్టు, తిన్నగా.

"అన్నా, బుబుసి" అంది.

"అడగవే" అన్నాడు. "ఏదైనా అడుగు."

"రేపు మనేబాలో నువ్వు మాట్లాడకు."

ఆయనకి అర్థం కాలేదు. "వాళ్ళు కాలువ తెరుస్తారు కబొరౌ. నీ చెరువు కోసమే నేను…"

"నా చెరువు పేరు చెప్పి మళ్ళీ ఊరిని ఇచ్చెయ్యకు. ఒకళ్ళు కట్టారు. ఇంకొకళ్ళు పగలగొడతామంటున్నారు. రేపు రేడియోలో ఇంకేదో చెబుతారు, మూడోవాళ్ళొచ్చి మళ్ళీ రాళ్ళు పోస్తారు. నా ముత్తవ్వ తవ్విన గుంట వాళ్ళు పరిచి, మడిచే చాప కాదు. చచ్చిందేదో చచ్చింది. దాన్నలా ఉండనీ."

"నా తప్పు దిద్దుకోనివ్వవా?"

"దిద్దుకోవడానికి నీకు దొరికింది మళ్ళీ వాళ్ళే." ఆమె గొంతు కాస్త తగ్గింది. "అడిగాను అన్నా. ఇస్తావా, ఇవ్వవా?"

"ఇచ్చాను" అన్నాడు.

ఆమె లేచి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆయన ఆమె కూర్చున్న చోటు వైపు చూస్తూ నవ్వాడు. ఏడుస్తున్నాడా అని అమ్మ దగ్గరికెళ్ళింది. "అడిగింది చూశావా" అన్నాడు. "'అన్నా' అంది."

మనేబాలో ఊరు దాదాపు అంతా ఒక్క మాట మీదే ఉంది. ఆసుపత్రి ఎవరికొద్దు? టోపీ ఆవిడ నవ్వుతూ మూడో స్తంభం వైపు తిరిగింది. తాతయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. రుబేటే ముందు అన్నాడు, "ఒరేయ్ తెబానో, అక్కర్లేనప్పుడు పాడతావు, ఇప్పుడు గొంతేమైందిరా?" ఎవరూ నవ్వలేదు. మర్నాడూ కూడారు. మూడోనాడూ కూడారు. ఆయన వచ్చి కూర్చునేవాడు, నోరు విప్పేవాడు కాదు. నాలుగోనాడు టోపీ ఆవిడ పటాలు చుట్టుకుని ఉత్తరాన ఉన్న పక్క ఊరికెళ్ళింది. వాళ్ళ మనేబాలో పొద్దున కూర్చుని మధ్యాహ్నానికి ఒప్పేసుకున్నారు.

ఇప్పుడక్కడ రేవుంది, ఆసుపత్రి ఉంది. మంచం మీద పడ్డవాళ్ళని మేం రెండు గంటలు పడవలో అక్కడికి తీసుకెళ్తాం. వాళ్ళ పగడపు దిబ్బ మీద చేపలు తగ్గాయని కూడా అంటారు. అమ్మమ్మ అన్నది సరైనదేనా అంటే నేను చెప్పలేను. చదువుకున్న చోట ఇలాంటి సంగతుల మీద పుస్తకాలున్నాయి. వాటిలో దేశాల పేర్లున్నాయి గానీ, నాక్కావలసిన జవాబు లేదు.

ఊరు తాతయ్యను క్షమించలేదు. దీపాల కొడుకు మీద ప్రేమ ఇంకా చావలేదన్నారు. పిల్లలు ఆయన వెళ్తుంటే నోటి మీద వేలేసుకునేవాళ్ళు. పురిట్లో ఒక పిల్ల పడవలోనే పోయినప్పుడు ఆమె తండ్రి వచ్చి ఆయన గుమ్మం ముందు నిలబడి, "ఒక్క మాట, తెబానో, ఒక్క మాట" అని వెళ్ళాడు. తాతయ్య ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడిగితే ఇచ్చినదాన్ని చెప్పుకోవడం మా దగ్గర లేదు. చెప్పే హక్కున్నది అడిగిన అమ్మమ్మకే. "నేనే వద్దన్నాను" అని మనేబాలో ఒక్క వాక్యం అంటే చాలు. ఆమె అనలేదు. ఇవాళ అంటుంది, రేపంటుంది అని అమ్మా నేనూ చూశాం.

తాతయ్య మాత్రం పొద్దున్నే లేచి ఉప్పు డబ్బా నింపి, నిప్పు రాజేసి, ఇంటి ముందు కూర్చునేవాడు. "ఒకసారి అడిగిందిగా. మళ్ళీ అడుగుతుంది" అనేవాడు. అమ్మమ్మ ఆ ఇంటి ముందు నుంచి నడవడమే మానేసింది. సముద్రం వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేది. కోపం కాదని అమ్మకి తర్వాత తెలిసింది. "అన్న దగ్గర మిగిలిన ఆ ఒక్క మాటా తీసేసుకున్నాను. ఇంకా ఏ ముఖంతో ఉప్పు అడగను?" అందట.

మరుసటి ఏడాది మార్చిలో కాలి పుండు పెరిగి తాతయ్య పోయాడు. పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్తామంటే వద్దన్నాడు. ఆఖరి రెండు రోజులు అమ్మమ్మ ఆయన తల దగ్గరే కూర్చుంది. అప్పటికి ఆయనకి స్పృహ లేదు. సమాధి దగ్గర రుబేటి పాడాడు. తాతయ్యలాగే, శ్రుతి లేకుండా, కావాలనే. జనం ఏడ్చారు.

ఊరు వెళ్ళిపోయాక అమ్మ, అమ్మమ్మ, నేను ఆ ఇంటి మంచె మీద మిగిలాం. అమ్మ అడిగింది, "ఆయన మీద కోపం పోయినట్టేనా అమ్మా?"

"పోలేదు."

"ఆయన నిన్నెప్పుడూ క్షమించమని అడగలేదు. ఎందుకో తెలుసా? అడిగితే నువ్వు కాదనలేవని. నిన్ను బలవంతపెట్టినట్టవుతుందని తొమ్మిదేళ్ళు ఆగాడు."



"కాదనలేనని అన్నకి ఎవరు చెప్పారు?" అంది అమ్మమ్మ. "నా జన్మలో ఎవరినీ కాదనలేదు. ఆ ఒక్కటీ కాదనేదాన్ని. ఊరంతా చూస్తుండగా కాదనేదాన్ని. అడగాల్సింది. కాదనిపించుకుని, మళ్ళీ రావాల్సింది. మొదటిసారి కాదనేదాన్ని. రెండోసారీ కాదనేదాన్ని."

మూడోసారి సంగతి ఆమె చెప్పలేదు. మేమూ అడగలేదు.